ఒక్క లక్ష్యము

మానవుని కోరికలకు హద్దు లేదు. కాలమునకు మాత్రము హద్దు కలదు. దినమునకు 24 గంటలే; అవి ధనికునకును పేదకును సమానమే. అందుచేత సమస్తమును ఒక్కమారు సాధింపవలెనని ఉబలాటపడువాడు తుదకు ఏదియు సాధింపలేక నిలిచిపోవును. రెండు పడవలమీద కాళ్లు పెట్టినవాడు ఏ యొడ్డునకును చేరడుకదా!

పాఠశాలలు తెరచిన దినములలో అనేక విద్యార్థులు చేయు పనిని చూడుడు. క్రొత్త పుస్తకములకు అట్టలు వేసికొందురు. పిమ్మట ఒక కాలపట్టికను వ్రాసి గోడకు అంటింతురు. తెల్లవారుజామున నాలుగింటికి లేచుట, వ్యాయామము, గణితము, ఆంగ్లము, హిందీ పరీక్షకు చదువు, చిత్రలేఖనము, సంగీతము, సాయంకాలము క్రికెట్టు, రాత్రి కంప్యూటరు — ఇట్లు పట్టికలో ఖాళీ గడి యుండదు. మొదటి దినము ఉత్సాహముగా గడచును. మూడవనాడు ఒక పని తప్పును. వారము తిరుగకమునుపే పట్టిక గోడమీద మాత్రమే మిగులును. అప్పుడా బాలుడు తాను దేనికిని పనికిరానివాడనని క్రుంగిపోవును. నిజమునకు లోపము బాలునియందు లేదు, పట్టికయందే కలదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గమున కెక్కునా యను సామెత ఇట్టి సందర్భమున పుట్టినదే.

అట్లైనచో చిన్న కోరికలతో తృప్తిపడవలెనా? అక్కరలేదు. సాధ్యమైన లక్ష్యమనగా చిన్న లక్ష్యమని అర్థము కాదు. ఎంత దూరము పోవలెనో కొలిచి, దారిని తెలిసికొని, తక్కిన దారులను అప్పటికి విడిచిపెట్టి నడచుటయే దాని అర్థము. దీనికి చక్కని నిదర్శనము హైదరాబాదునకు ఉత్తరముగా, మేడ్చల్ ప్రాంతమునందే కలదు.

హైదరాబాదునుండి నాగపూరువైపు పోవు 44వ సంఖ్య జాతీయ రహదారిపై పేట్ బషీరాబాదు కలదు. అచ్చటినుండి కొంపల్లి దాటి ఉత్తరముగా సాగినచో మేడ్చల్ వచ్చును. ఆ మండలములోని అత్వెల్లి గ్రామమున శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థ టీకాల కర్మాగారమును నెలకొల్పినది. ఆ సంస్థను 1993వ సంవత్సరమున స్థాపించినవారు నెల్లూరు జిల్లాకు చెందిన శ్రీ వరప్రసాదరెడ్డిగారు. తల్లిగారి పేరునే ఆయన సంస్థకు పెట్టిరి.

వరప్రసాదరెడ్డిగారు వైద్యులు కారు. జీవశాస్త్రమును అభ్యసించినవారును కారు. ఆయన చదివినది ఎలెక్ట్రానిక్సు ఇంజనీరింగు. 1992లో జెనీవా నగరమున జరిగిన ఒక సమావేశమునకు వెళ్లినప్పుడు హెపటైటిస్-బి అను వ్యాధినిగూర్చియు, దానికి టీకా యుండియు బీదదేశముల శిశువులకు అందకుండుటనుగూర్చియు ఆయన వినిరి.

ఈ వ్యాధి కాలేయమునకు సోకును. రోగి రక్తమువలనను, ప్రసవసమయమున తల్లినుండి బిడ్డకును ఇది సంక్రమించును. పుట్టినప్పుడే సోకిన శిశువులలో నూటికి తొంబదిమందికి అది జీవితాంతము నిలిచిపోవును. పెక్కేండ్లు ఏ బాధయు కనబడక, తుదకు కొందరికి కాలేయము గట్టిపడియో, రాచపుండు పుట్టియో ప్రాణము తీయును. 1965లో బ్లంబర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ వ్యాధికి సంబంధించిన ఆనవాలును రక్తమున కనుగొనెను. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 1981లో రోగుల రక్తమునుండి తీసిన టీకాయు, 1986లో ఈస్టు అను సూక్ష్మజీవి సాయమున జన్యుశాస్త్రరీతిని చేసిన టీకాయు వెలువడినవి. కాని భారతదేశమునకు దిగుమతియైన టీకా ఒక్క మోతాదునకే వందల రూపాయలు వెల పలికెడిది. ఒక్కొక్కరికి మూడు మోతాదులు కావలెను. కూలి చేసి బ్రదుకు తల్లి అంత సొమ్ము ఎచ్చటినుండి తేగలదు?

విదేశమునందలి ఒక సంస్థను వరప్రసాదరెడ్డిగారు తయారీరహస్యమును తెలుపుమని కోరగా వారు నిరాకరించిరి. అప్పుడాయన ఒక నిశ్చయమునకు వచ్చిరి. దేశమునందలి రోగములన్నిటిని నిర్మూలింతునని ఆయన సంకల్పింపలేదు. టీకాలన్నిటిని చేయుదునని ప్రకటింపలేదు. ఒక్క వ్యాధి, దానికొక్క టీకా, అది బీదవారు కొనగల వెల. ఇంతమాత్రమే ఆయన లక్ష్యము.

జీవశాస్త్రము నెరుగని ఇంజనీరునకు ఇది సాధ్యమైన లక్ష్యమేనా యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. అట్టి టీకా చేయవచ్చునని లోకమున అప్పటికే రుజువైనది. కావున అది గాలిలో మేడ కాదు. తనకు లేని విద్య గల యువశాస్త్రజ్ఞులను ఆయన చేరదీసిరి. ప్రయోగశాల స్వంతముగా లేకున్నను, ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును, పిమ్మట హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధనకేంద్రమునందును పనిచేయుటకు తావు లభించినది. ధనము చాలనప్పుడు ఒమాన్ దేశపు విదేశాంగమంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టి ఆదుకొనిరి. తనయొద్ద ఉన్నదేమి, లేనిదేమి, లేనిదానిని ఎచ్చట సంపాదింపవచ్చును అను మూడు విషయములను తెలిసికొనిన పిమ్మట దుస్సాధ్యముగా కనబడిన పనియు సాధ్యమగును.

నాలుగేండ్ల కృషి ఫలించినది. 1997 ఆగస్టు మాసమున "శాన్వాక్-బి" యను టీకా వెలువడినది. జన్యుశాస్త్రరీతిని భారతదేశమున తయారైన మొదటి టీకా అదియే. దాని రాకతో టీకా వెల ఎంతయో తగ్గిపోయినది. 2002లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని తన ఆమోదపట్టికలో చేర్చినది. అందుచేత ఐక్యరాజ్యసమితి బాలలనిధిద్వారా అన్యదేశముల శిశువులకును అది చేరినది. 2005లో భారతప్రభుత్వము వరప్రసాదరెడ్డిగారిని పద్మభూషణ బిరుదముతో గౌరవించినది. 2009లో ఆ సంస్థ సనోఫీ అను ఫ్రెంచి సంస్థ వశమైనది. 2011నుండి హెపటైటిస్-బి టీకా దేశమంతట శిశువులకు ప్రభుత్వమే ఉచితముగా వేయించు టీకాలలో చేరినది.

ఒక్క టీకాతో ఆ సంస్థ ఆగిపోలేదు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, హెపటైటిస్-బి, హిబ్ అను అయిదు వ్యాధులకు ఒక్క సూదితో రక్షణ నిచ్చు టీకాను అది వెలువరించినది. కాని అది 2008నాటి మాట. ఒకటినుండి అయిదునకు పోవుటకు పదునొకండేండ్లు పట్టినది. అనుభవము సంపాదించిన పిమ్మటగూడ ఆ పని సులభము కాలేదు. నాణ్యతలో చిక్కు కనబడుటచే 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ టీకాను ఆమోదపట్టికనుండి తొలగించినది. లోపము సవరింపబడిన పిమ్మట 2014లో మరల చేర్చినది. ఆరితేరిన శాస్త్రజ్ఞులకే అయిదింటిని కూర్చుట ఇంత కష్టమైనచో, మొదటినాడే అయిదింటికి పూనుకొనియున్న ఏమయ్యెడిదో ఊహింపవచ్చును.

ఇప్పుడు ముందు చెప్పిన విద్యార్థియొద్దకు వత్తము. అతనికి గణితము కష్టముగా నున్నదనుకొందము. "గణితమున నూటికి నూరు తెచ్చుకొందును" అనుట కోరిక. "దినమునకు మూడు లెక్కలు, వారమునకు ఆరు దినములు చేయుదును" అనుట లక్ష్యము. వారమునకు పదునెనిమిది లెక్కలగును. పది వారములకు నూట ఎనుబది. ఒకనాడు జ్వరము వచ్చి మూడు లెక్కలు తప్పినను మరునాడు మొదలు పెట్టుటకు సిగ్గుపడ నక్కరలేదు. పది వారముల పిమ్మట తానెంత దూరము వచ్చినది అతనికే తెలియును. అప్పుడు చిత్రలేఖనమో, సంగీతమో రెండవ లక్ష్యముగా చేర్చుకొనవచ్చును. మొదటి విజయము ఇచ్చు ధైర్యము రెండవ పనికి పెట్టుబడి యగును.

ఇందు ఒక కష్టము కలదు. లక్ష్యమును ఎన్నుకొనుట సులభము. దానికొరకు ఇష్టమైన మరియొకదానిని విడుచుట కష్టము. విడుచుట యనగా శాశ్వతముగా త్యజించుట కాదు. దాని వంతు వచ్చువరకు నిలిపియుంచుట. ఇతరులు పది పనులు చేయుచున్నారని చూచి తొందరపడుట తగదు. ఒక్కొక్కరి బలము వేరు, ఇంటి పరిస్థితి వేరు. తమ్ములను, చెల్లెండ్రను చూచుకొనుచు, తల్లికి సాయపడుచు చదువు బాలికకు గంటసేపు దొరకుటయే గొప్ప. ఆమె ఆ గంటకు తగిన లక్ష్యమును పెట్టుకొనవలెనుగాని, మూడు గంటలు గలవారి పట్టికను చూచి చింతింపరాదు.

విద్యార్థులారా! ఒక కాగితమును తీసికొని ఈ మూడు మాసములలో సాధింపదలచిన పని నొక్కటి వ్రాయుడు. దాని క్రింద, ఆ పనికొరకు ఈ మూడు మాసములు ఏమేమి నిలిపియుంచెదరో వ్రాయుడు. మొదటి పంక్తి వ్రాయుటకు ఆశ చాలును. రెండవ పంక్తి వ్రాయుటకు వివేకము కావలెను. ఆ రెండవ పంక్తియే మొదటిదానిని నిలుపును.