గడ్డికట్టల యంత్రమునకు గడ్డి నందించు సాధనము

వరికోత యంత్రము మన మాగాణులలో ప్రవేశించిన పిదప రైతునకు కలిగిన సౌకర్యముతో పాటు ఒక చిక్కు కూడ వచ్చినది. పూర్వము కొడవలితో కోసి, పనలు వేసి, కుప్ప నూర్చినపుడు గడ్డి నిడుపుగా చేతికి వచ్చెడిది. దానిని వామి వేసికొని ఏడాది పొడుగునను పశువులకు మేపెడివారు. ఇప్పుడు యంత్రము ధాన్యమును తీసికొని, నలిగిన గడ్డిని తన వెనుక వరుసగా పొలములోనే వదలి పోవుచున్నది. దానిని పోగుచేసి మోపులు కట్టుటకు కూలీలు దొరకుట కష్టము. దొరికినను కూలి గిట్టదు. రెండవ పంటకు అదను తప్పుచున్నదని పలువురు దానికి నిప్పు పెట్టుచున్నారు. ఒకచోట గడ్డి కాలిపోవుచుండగా మరియొకచోట వేసవిలో మేత లేక పశువులను సంతకు తోలుచున్నారు.

ట్రాక్టరు వెనుక తగిలించెడి గడ్డికట్టల యంత్రము, అనగా బేలరు, ఈ చిక్కునకు కొంతవరకు పరిష్కారము చూపినది. 2014-15లో కేంద్ర ప్రభుత్వము వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకమును ప్రారంభించిన పిమ్మట ఇట్టి యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములకు ప్రోత్సాహము లభించినది. యంత్రమును కొనుటకు గాని అద్దెకు తెచ్చుటకు గాని గ్రామములో మాట వచ్చినపుడు పెద్దలు అడుగు ప్రశ్నలు మూడు: వెల యెంత, రాయితీ యెంత, దినమునకు ఎన్ని కట్టలు కట్టును? గడ్డి దానిలోనికి ఎట్లు పోవును అని అడుగువారు అరుదు. ఆ యంత్రము యొక్క సామర్థ్యమును, అపాయమును కూడ హెచ్చుగా ఆ ప్రవేశద్వారము వద్దనే ఉన్నవి. కావున పంచాయతీ సభ్యులు ముందుగా తెలిసికొనవలసినది గడ్డి నందించు సాధనమును గురించియే.

గడ్డిని ఒత్తి కట్టలు కట్టు యంత్రములు అమెరికాలో 19వ శతాబ్దమున వ్యాప్తిలోనికి వచ్చినవి. న్యూయార్కు రాష్ట్రమునందలి ఆల్బనీ నగరములో డెడెరిక్ అను నతడు తయారుచేసిన యంత్రము వానిలో పేరెన్నిక గన్నది. పొడవైన పెట్టె యొకటి; దానిలో ముందుకు వెనుకకు ఆడు తోపుడు దిమ్మె యొకటి; పెట్టె పైభాగమున ఒక నోరు. దిమ్మె వెనుకకు పోయినపుడు ఆ నోటిలో గడ్డి వేయవలెను. దిమ్మె ముందుకు వచ్చి దానిని అణచును. గుఱ్ఱము త్రిప్పుచున్నంత కాలము దిమ్మె మెల్లగా కదలెడిది గనుక పంగలకర్ర పట్టుకొన్న మనిషికి వ్యవధి చిక్కెడిది. ఆవిరి యంత్రము, దాని తరువాత పెట్రోలు ఇంజను వచ్చి వేగము హెచ్చగానే ఆ వ్యవధి పోయినది. గడ్డి సరిగా దిగనపుడు చేతితో నొక్కుట, కాలితో త్రొక్కుట అలవాటై, కాళ్ళు చేతులు పోగొట్టుకొనిన వారు కలరు. మన చెరకు గానుగల వద్ద రోళ్ళ మధ్య చెరకు పెట్టు వారికి కలిగిన కీడు ఎట్టిదో ఎరిగిన వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడుగా యంత్రమునకే ఒక చేయిని అమర్చిరి. దిమ్మెను నడపు గేర్లే ఈ ఇనుప చేతిని కూడ నడపును. దిమ్మె వెనుకకు పోగానే అది వచ్చి గడ్డిని నోటిలోనికి నెట్టి, దిమ్మె తిరిగి వచ్చులోపల తాను తొలగిపోవును. మనిషి దూరముగా నిలిచి బల్లమీద గడ్డి వేసిన చాలును. ఆ తరువాత పెన్సిల్వేనియాలో ఎడ్విన్ నోల్ట్ అను నతడు, పొలములో వరుసగా పడియున్న గడ్డిని తానే ఏరుకొని, తానే పురితో కట్టుకొను యంత్రమును రూపొందింపగా, 1940 ప్రాంతమున న్యూ హోలండ్ సంస్థ దానిని విరివిగా తయారుచేయసాగినది. చుట్టలు చుట్టు యంత్రమునకు మూలము నెబ్రాస్కాలోని లూబెన్ అను నతని కల్పన. దానిని అలిస్-చామర్స్ సంస్థ 1947లో మార్కెట్టులోనికి తెచ్చినది.

నేటి దిమ్మె యంత్రమును గమనింపుడు. ముందుభాగమున తిరుగు దువ్వెనవంటి పళ్ళు నేలపైనున్న గడ్డిని ఎత్తి పళ్ళెము మీదికి తెచ్చును. అక్కడినుండి అందించు వ్రేళ్ళు దానిని ప్రక్కకు జరిపి ఒత్తిడి పెట్టెలోనికి నెట్టును. దిమ్మె అంచున ఒక కత్తి, పెట్టె నోటి అంచున ఒక కత్తి ఉండును. బయటికి వ్రేలాడు గడ్డిని అవి కత్తిరించును. దిమ్మె నిమిషమునకు సుమారు 80 పోట్లు పొడుచుననుకొందము. అనగా ఒక్కొక్క పోటునకు ముప్పాతిక సెకను. అందులో నోరు తెరచియుండునది సగమే. అర సెకను కూడ లేని ఆ వ్యవధిలో గడ్డి లోనికి పోవలెను, వ్రేళ్ళు బయటికి రావలెను. ఇది మనిషి చేతికి సాధ్యమగు పని కాదు. యంత్రముననైనను గొలుసు ఒక పన్ను జారినచో వ్రేళ్ళు దిమ్మెకు తగిలి వంగిపోవును.

అందించు సాధనము సరిగా పనిచేయుచున్నదో లేదో బయటపడిన కట్టను చూచియే చెప్పవచ్చును. కట్ట అరటిపండువలె ఒక ప్రక్కకు వంగినచో గడ్డి ఒకవైపునకే ఎక్కువగా పోవుచున్నదని అర్థము. అపుడు వ్రేళ్ళ అమరికను సరిచేయవలెను. చుట్టల యంత్రములో చుట్ట నడుమ ఉబ్బి అంచులు సన్నగిల్లినచో, డ్రైవరు గడ్డివరుస నడిమిమీదనే పోవుచున్నాడన్నమాట. అతడు ట్రాక్టరును కొంతసేపు ఎడమకు, కొంతసేపు కుడికి మరల్చుచు నడపవలెను. వదులుగా, వంకరగా కట్టిన కట్టలు లారీలో నిలువవు. దూరపు ఊరికి మేత అమ్మదలచిన రైతునకు అది నష్టము. మంచు ఆరకముందు కట్టిన గడ్డి రోళ్ళకు చుట్టుకొనును, కట్టలో బూజు పట్టును. తేమ 20 శాతమునకు మించియున్న గడ్డిని కట్టి నిలువచేసినచో లోపల వేడి పుట్టును. ప్రొద్దెక్కిన పిమ్మట పని మొదలిడుట మేలు.

మన ప్రాంతములలో హెచ్చుగా కనబడు చుట్టల యంత్రము మరింత మాయలాడి యని నా అభిప్రాయము. దానిలో దిమ్మె లేదు, పోటు లేదు. చప్పుడు కూడ భయపెట్టునట్టిది కాదు. కాని దిమ్మె యంత్రపు వ్రేళ్ళు వెనుకకైనను పోవును. దీని పళ్ళు, రోళ్ళు ఎడతెగక లోనికే లాగును. ట్రాక్టరు నుండి శక్తి నిచ్చు షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనునకు 9 చుట్లు తిరుగును. దానిపై తొడుగు లేనిచో, పంచెచెంగు తగిలినవానికి కేక వేయు వ్యవధియైనను ఉండదు. మరియొక సంగతి. చుట్ట నిండగానే పురి చుట్టుటకై డ్రైవరు ట్రాక్టరును నిలుపును. చక్రములు ఆగినవి గాని షాఫ్టు ఆగలేదు. యంత్రము నిలిచినదని తలచి దగ్గరకు పోయి, చిక్కుకొన్న గడ్డినో పురికొసనో పట్టి లాగువారు ఆ క్షణముననే ప్రమాదమునకు గురియగుదురు.

నూర్పిడి యంత్రముల విషయములో దేశము ఈ పాఠమును లోగడ నేర్చుకొనినది. గోధుమ పండు రాష్ట్రములలో పలువురు కూలీలు చేతులు పోగొట్టుకొనగా 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసినది. కంకులు వేయు దోనె 900 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండ ఉండవలెననియు, అందులో 450 మిల్లీమీటర్లు పైకప్పు కలిగియుండవలెననియు భారత ప్రమాణము చెప్పుచున్నది. చేయి చాపినను దంతచక్రమును అందరాదనుటయే అందలి కిటుకు. బేలరులో అట్టి దోనెకు తావు లేదు. నేలమీది గడ్డిని ఎత్తుకొనవలసిన నోరు తెరచియే ఉండవలెను. అందుచేత ఇచ్చట రక్షణ ఇనుపరేకు వలన కొంత, మనిషి నడవడి వలన ఎక్కువ కలుగును.

ఆ నడవడిని చెడగొట్టునది అద్దె పద్ధతియే యని చెప్పక తప్పదు. కట్టకు ఇంత అని లెక్కించి అద్దె ఇచ్చునపుడు, యంత్రము ఆగిన ప్రతి నిమిషమును డ్రైవరునకు నష్టమే. గడ్డి ఇరుకుకొన్నపుడు ఇంజను నిలిపి, దిగి, తీసి, మరల నడుపుటకు అతని మనస్సు ఒప్పదు. షాఫ్టు తిరుగుచుండగనే ప్రక్కవానిని కర్రతో పొడువుమనును. పంచాయతీ పెద్దలు అద్దె మాట్లాడునాడే ఇరుకు తీయు సమయమునకు వేరుగా కొంత కూలి ఒప్పుకొనవచ్చును. ఇంజను నిలిపి తాళపుచెవిని జేబులో వేసికొన్న డ్రైవరు తప్ప మరి యెవ్వరును యంత్రపు నోటిని తాకరాదని గ్రామసభలో తీర్మానించి, ఆ మాటను అద్దె కాగితములో వ్రాయించుట పంచాయతీకి చేతనైన పనియే.

కోతలకు ముందు, ఇంజను ఆపియున్నపుడు, దిమ్మె యంత్రపు ఫ్లైవీలు అను బరువైన చక్రమును చేతితో మెల్లగా ఒక చుట్టు త్రిప్పించి, వ్రేళ్ళు దిమ్మెకు తగులకుండ తొలగుచున్నవో లేదో చూడవలెను. షేర్ బోల్టును కూడ ఊడదీయించి చూడుడు. రాయియో దుంగయో లోనికి పోయినపుడు తాను విరిగి, ఖరీదైన గేర్లను కాపాడుటకే ఆ బోల్టు చేయబడినది. మాటిమాటికి విరుగుచున్నదని విసిగి కొందరు దాని స్థానమున గట్టి ఉక్కు బోల్టును బిగింతురు. అట్టిది కనబడినచో వెంటనే తీయించి, కంపెనీ చెప్పిన రకపువి నాలుగైదు డ్రైవరు సంచిలో ఉన్నవో లేవో చూచిన పిదపనే యంత్రమును పొలములోనికి దింపనీయవలెను.