ఇటాలిక భాషలయందు నృ శబ్దము

లౌకిక సంస్కృతమున నరుడు సామాన్యుడు, వీరుడు విశిష్టుడు. ప్రాచీన ఇటలీలో ఈ తారతమ్యము తలక్రిందుగా నుండుట విచారణీయము.

వీర శబ్దమునకు సోదరమైన ‘విర్’ శబ్దమును లాటిన్ నిలుపుకొన్నది. నృ శబ్దమునకు సోదరమైన దానిని వ్యవహారమునుండి విడిచినది. ఆస్కన్, అంబ్రియన్ భాషలు దానిని విడువలేదు. 1456లో గుబ్బియో నగరమువారు క్రయము చేసిన ఏడు కంచుఫలకములపై అంబ్రియన్ యాగవిధులు చెక్కబడియున్నవి. అందలి ప్రార్థనలలో దేవత రక్షింపవలసినవారి వరుసలో తొలుత ‘నెర్ఫ్’ అను ద్వితీయాబహువచనము, తరువాత పశువులతో జంటగా ‘వెయిరో’ అను రూపము వచ్చుచున్నవి. మొదటివారు ప్రముఖులు, రెండవవారు జనసామాన్యము.

నృ శబ్దము నయార్థక ధాతువునుండి వ్యుత్పన్నమని మన సంప్రదాయము. నాయకుడను అర్థము అంబ్రియన్ ప్రయోగముతో చక్కగా పొసగుచున్నదని సంతసించువారుందురు. తొందర తగదు. సబైన్ భాషలో ‘నీరో’ అనగా బలశాలి, శూరుడు అని రోమను చరిత్రకారుడు సుఎటోనియస్ వ్రాసెను. మార్స్ దేవుని సహచరి ‘నేరియో’ పేరునకు సబైన్ భాషలో శౌర్యమే అర్థమని గెల్లియస్ తెలిపెను. ఋగ్వేదమున నృమ్ణ శబ్దము పౌరుషవాచి, ఇంద్రుడు నృతముడు. కావున మూలార్థము బలమే కాని నయనము కాదు. బలవంతుడు ఇటలీలో ప్రభువైనాడు; మనదేశమున కాలక్రమమున మనుష్యమాత్రుడైనాడు.

ధ్వనిసాక్ష్యము ఇంకను బలీయము. గ్రీకు రూపము ‘అనేర్’. ఆ ఆద్యకారమునకు నీ ధాతువునందు తావు లేదు. నకారమునకు పూర్వము లుప్తమైన కంఠ్యవర్ణ మొకటి యుండెననియు, అదియే గ్రీకున అకారమైనదనియు భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. సంస్కృతమున అది తాను నశించుచు పూర్వస్వరమును దీర్ఘము చేసినది. ఉషస్సునకు విశేషణమైన ‘సూనరీ’ శబ్దమున సు ఉపపదము దీర్ఘమగుట ఇందుచేతనే.

పాణిని షష్ఠాధ్యాయ తృతీయపాదమున, నరశబ్దము పరమగునపుడు సంజ్ఞయందు విశ్వశబ్దమునకు దీర్ఘము విధించెను, ‘విశ్వానర’ ఉదాహరణము. లుప్తవర్ణమునకు దీనిని సాక్ష్యముగా చూపుట కలదు. కాని తరువాతి సూత్రమే ఋషినామమైన విశ్వామిత్ర శబ్దమునకును దీర్ఘము చెప్పుచున్నది. మిత్రశబ్దమునకు ముందు అట్టి వర్ణమేదియు లేదు. కనుక విశ్వానర శబ్దమును పక్కనుంచి, సూనర శబ్దమునే ప్రమాణముగా గ్రహించుట మేలు.