పొరుగు పునాది

మానవుడు నేలను నమ్మి ఇల్లు కట్టుకుంటాడు. తన పునాదికి తన నేలతో పాటు పొరుగువాని నేల కూడ ఆసరాగా నిలుస్తున్నదని మాత్రం సాధారణంగా గుర్తించడు. 2024 నవంబరులో హైదరాబాదులోని గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో ఒక బహుళ అంతస్తుల భవనం ఒరిగిపోయింది. దాని పక్క స్థలంలో అప్పటికే పునాది గుంతలు తవ్వారు. ఒరిగిన భవనాన్ని కూల్చివేయక తప్పలేదు. అందులోని కుటుంబాలు నిలువనీడ కోల్పోయాయి. పట్టణాలలో లోతైన గోతులు తవ్వేవారు నేల స్వభావాన్ని ఎందుకు తెలుసుకోవాలో ఈ సంఘటన చెబుతుంది.

తెలంగాణ మెట్ట సీమలో బావులు తవ్వినవారికి ఆ స్వభావం బాగా తెలుసు. యాదాద్రి భువనగిరి జిల్లాలోని రామన్నపేట 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. అది గ్రానైటు శిలలు పరచుకొన్న ప్రాంతం. భువనగిరి ఏకశిలా కొండను చూచినవారికి బండ కదలదనే నమ్మకం కలగడం సహజం. కాని ఇటువంటి నేలలో పైన మట్టి, దాని కింద మొరం, తరువాత మెత్తబడిన రాయి, చివరకు గట్టి బండ ఉంటాయి. అందుకే పెద్దలు బావి పైభాగానికి రాతికట్టు కట్టి, బండ తగిలినచోట దానిని ఆపేవారు.

అయితే గట్టి బండ కూడ పూర్తిగా నమ్మదగినది కాదు. అందులో నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పగుళ్లుంటాయి. గోతివైపు వాలిన పగులులో నీరు చేరితే దానిపైనున్న రాతిపలక జారిపోతుంది. రాయి బలహీనమై కాదు, అతుకు విడిపోయి గోడ కూలుతుంది.

దీనిని నివారించడానికి ఇంజనీర్లు తవ్వకానికి ముందే పొరుగు ఇండ్ల గోడలను పరీక్షించి, వాటిలోని బీటలను నమోదు చేస్తారు. పై మట్టిని ఆపడానికి అంచు వెంట వరుసగా కాంక్రీటు స్తంభాలు దింపుతారు. బండను అంచెలంచెలుగా తవ్వుతారు. ప్రతి అంచెలోను పగుళ్లను దాటి లోపలి గట్టి రాతిని చేరేటట్లు రంధ్రాలు వేసి, ఉక్కు కడ్డీలు చొప్పించి, సిమెంటు పాలతో బిగిస్తారు. ఇనుప వల పరచి కాంక్రీటు పిచికారీ చేస్తారు. లోపలి నీరు బయటికి పోవడానికి దారి విడుస్తారు. ఇండ్లకు ఆనుకొన్నచోట తూటాలు పేల్చడానికి బదులు, రంధ్రాలలో ఉబ్బే రసాయన మిశ్రమం పోసి రాతిని చీలుస్తారు. పని సాగినన్నాళ్లు పొరుగు గోడల కదలికను కొలుస్తూనే ఉంటారు.

సహజస్థితిలో ఉన్న భూమికి పక్క భూమి ఇచ్చే ఆసరా దాని యజమానికి హక్కని 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం చెబుతున్నది. ఇది న్యాయస్థానంలోనే కాదు, నిత్యజీవితంలోను పాటించవలసిన ధర్మం. పొరుగు పునాదిని కాపాడడానికయ్యే వ్యయాన్ని తన ఇంటి వ్యయంలో భాగంగా లెక్కించుకొన్న తరువాతనే గృహస్థుడు గడ్డపార చేతపట్టాలి.