మూత్రపిండంలో యూరియేజ్ చర్య: ఇన్ఫెక్షన్ రాళ్లకు చికిత్స

నేలలో వేసిన యూరియా చాలావరకు యూరియేజ్ అనే ఎంజైమ్ చర్య వల్ల అమ్మోనియాగా మారుతుంది. ఆ సమయంలో గుళిక చుట్టూ ఉదజని సూచిక పెరుగుతుంది. 1926లో జేమ్స్ సమ్నర్ జాక్ బీన్ గింజల నుండి స్ఫటిక రూపంలో వేరు చేసినది ఈ ఎంజైమ్‌నే. ఇదే చర్య మానవ మూత్రంలో జరిగినప్పుడు ఇన్ఫెక్షన్ రాళ్లు ఏర్పడతాయి.

మూత్రంలోని యూరియా శరీరంలో మాంసకృత్తుల విచ్ఛిన్నం వల్ల ఏర్పడేదే. పొలంలో వేసిన ఎరువుతో దానికి సంబంధం లేదు. మానవ కణాలు యూరియేజ్‌ను తయారు చేయవు. ప్రోటియస్, క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియా మూత్రమార్గంలో చేరినప్పుడు ఈ ఎంజైమ్‌ను ఉత్పత్తి చేస్తాయి. అమ్మోనియా పెరిగి మూత్రం క్షారగుణం పొందుతుంది. అప్పుడు మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్‌లు కలిసి స్ట్రువైట్ స్ఫటికాలుగా పేరుకొంటాయి. ఇవి త్వరగా పెరిగి, జింకకొమ్ము ఆకారంలో మూత్రపిండమంతా నిండవచ్చు.

చికిత్సలో మొదటి మెట్టు మూత్రాన్ని కల్చర్ చేయించి, తగిన యాంటీబయాటిక్‌ను ఎంచుకోవడం. అయితే రాతి పొరల మధ్యనున్న బాక్టీరియాకు మందు సరిగా చేరదు. జ్వరం తగ్గినా రాయి మిగిలే ఉంటుంది. పైమొక్కను పీకి గడ్డను నేలలోనే వదిలితే తుంగ మళ్లీ మొలిచినట్లు, చిన్న ముక్క మిగిలినా ఇన్ఫెక్షన్, రాయి రెండూ తిరిగి రావచ్చు. కనుక రాయిని పూర్తిగా తొలగించడమే ప్రధాన చికిత్స. పెద్ద రాళ్లను సాధారణంగా వీపు వైపు చేసిన చిన్న రంధ్రం ద్వారా పగులగొట్టి తీస్తారు. తీసిన రాతి ముక్కలను కూడా కల్చర్ చేయించడం మేలు. మూత్రంలో కనిపించని బాక్టీరియా వాటిలో బయటపడవచ్చు.

నేలలో యూరియేజ్‌ను నిరోధించడానికి ఎన్.బి.పి.టి. వాడినట్లే, వైద్యంలో అసిటోహైడ్రాక్సమిక్ ఆమ్లం ఉంది. శస్త్రచికిత్సకు వీలుకాని రోగులకు, అదీ యాంటీబయాటిక్‌తో పాటు మాత్రమే దీనిని ఇస్తారు. దీని దుష్ఫలితాలు ఎక్కువ. గర్భిణులకు, మూత్రపిండాల పనితీరు బాగా తగ్గిన వారికి ఇది నిషిద్ధం. నేలకు వాడే నిరోధకం ఎన్నటికీ ఔషధం కాదు.

రాళ్లు కరుగుతాయని మూత్రాన్ని క్షారపరిచే మందులను సొంతంగా వాడడం ఈ రకం రాళ్లలో హాని చేయవచ్చు. మూత్రం అప్పటికే క్షారంగా ఉంటుంది. నడుము పక్కన నొప్పితో చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి. అడ్డుపడిన మూత్రపిండంలో చీము చేరితే దానిని వెంటనే బయటకు తీయకపోతే ప్రాణాపాయం కలుగుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామసభలలో రైతు కుటుంబాలకు ఈ విషయాన్ని ముందుగా తెలియజేయాలి.