పార్టు మార్చే ముందు కారణం పట్టాలి: డిష్‌వాషర్ సర్వీసింగ్‌లో కెరీర్

మా బంధువులు ఒక అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉంటారు. వాళ్ల డిష్‌వాషర్ వేసిన కాసేపటికే ఆగిపోయేది. డిస్‌ప్లే మీద కుళాయి గుర్తు వెలిగేది. మొదట వచ్చిన మెకానిక్ నీళ్లను లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ మార్చాడు. ఫలితం లేదు. రెండో మెకానిక్ బోర్డు పోయిందని చెప్పి వేలల్లో ఖర్చవుతుందన్నాడు. మూడోసారి వచ్చిన కుర్రాడు మెషిన్‌పై చెయ్యి వేయకుండానే ‘‘మీ వాటర్ ట్యాంకు ఎక్కడుందండీ?’’ అని అడిగి డాబా ఎక్కాడు.

పది మీటర్ల ఎత్తున్న నీరు ఇచ్చే ఒత్తిడి దాదాపు 1 బార్. ఆ మెషిన్ మాన్యువల్ ప్రకారం కనీసం 0.5 బార్ కావాలి, అంటే నీళ్లు ఐదు మీటర్ల ఎత్తు నుంచి రావాలి. వాళ్ల వంటింటి కుళాయికీ ట్యాంకుకూ మధ్య ఎత్తు మూడున్నర మీటర్లకు మించి లేదు. నీళ్లు సన్నగా వస్తున్నాయి. మెషిన్ తనకిచ్చిన సమయంలో నిండక ఆగిపోతోంది. చిన్న ప్రెషర్ పంపు పెట్టించాక గిన్నెలు తళతళలాడుతూ బయటికొచ్చాయి. ఆ కుర్రాడు ఉపయోగించింది బడిలో మనమంతా చదివిన ఫిజిక్సే. పది, ఇంటర్ తర్వాత ఏం చేయాలని ఆలోచిస్తున్నవారు ఈ పనివైపు ఒకసారి చూడాలని నేను కోరేది అందుకే.

అవకాశం ఎక్కడుంది?

2020 లాక్‌డౌన్‌లో పనిమనుషులు రాలేని రోజుల్లో నగరాల్లో చాలా ఇళ్లు తొలిసారి డిష్‌వాషర్ కొన్నాయి. వాటికి సాధారణంగా రెండేళ్లు వారంటీ ఉంటుంది. అప్పుడు కొన్నవన్నీ ఇప్పుడు ఆ గడువు దాటేశాయి. ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బాగుచేసేవారు ప్రతి పేటలోనూ దొరుకుతారు. డిష్‌వాషర్ అనగానే ‘అది మేం చూడం’ అనేవారే ఎక్కువ. కొత్తగా వచ్చేవారికి చోటు అక్కడుంది.

మెషిన్ నడక తెలియాలి

డిష్‌వాషర్ తొట్టి నిండా నీళ్లు నింపుకొంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అడుగున కొద్ది లీటర్లే చేరతాయి. వాష్ మోటార్ ఆ నీటినే మళ్లీ మళ్లీ స్ప్రే ఆర్మ్‌లకు పంపి గిన్నెలపై చిమ్ముతుంది. హీటర్ ఆ నీటిని 50 నుంచి 70 డిగ్రీల వరకు వేడిచేస్తుంది. డ్రెయిన్ పంపు మురికి నీటిని బయటికి తోస్తుంది. నింపడం, చిమ్మడం, వేడెక్కించడం, తోడెయ్యడం. ఈ నాలుగింటిలో మెషిన్ ఏ మెట్టు దగ్గర ఆగిందో గమనిస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

తరచూ వచ్చే కంప్లయింట్లు

నీళ్లు పోవడం లేదంటే ముందు ఫిల్టర్ తీసి చూడాలి. తర్వాత డ్రెయిన్ పైపు ఎక్కడైనా మడత పడిందా అని వెతకాలి. ఆ తర్వాతే డ్రెయిన్ పంపు. చాలాసార్లు దాని రెక్కల మధ్య నిమ్మగింజో, చింతపండు పీచో, గాజు ముక్కో ఇరుక్కుని ఉంటుంది. అది తీస్తే చాలు, కొత్త పంపు అక్కర్లేదు.

నీరు వేడెక్కకపోతే మల్టీమీటర్ తీయాలి. హీటర్ 1800 వాట్లదైతే 230ని 230తో గుణించి 1800తో భాగించండి. దాదాపు 29 ఓములు వస్తుంది. మీటర్ కూడా ఆ దరిదాపుల్లోనే చూపిస్తే హీటర్ బాగున్నట్టే. అప్పుడు వైరింగ్, రిలే, నీటి వేడిని కొలిచే సెన్సర్ చూడాలి. మీటర్ ఏమీ చూపకపోతే హీటర్ తెగినట్టు.

గ్లాసుల మీద తెల్లటి పొర కడుతోందంటే ఒక గ్లాసును వెనిగర్‌తో తుడిచి చూడండి. పొర పోతే అది బోరు నీళ్లలోని కాల్షియం. మెషిన్‌లో సాల్ట్ అయిపోయి ఉంటుంది, లేదా నీటి కాఠిన్యానికి తగ్గ సెట్టింగ్ పెట్టి ఉండరు. పొర పోకపోతే గాజే అరిగింది, దానికి మందు లేదు. వంట ఉప్పు వేయకూడదని కూడా ఇంటివారికి చెప్పాలి. అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు లేని డిష్‌వాషర్ సాల్టే వాడాలి.

నురగ పొంగి నీళ్లు కారుతుంటే చేత్తో తోమే లిక్విడ్ పోశారేమో అడగండి. కారిన నీరు మెషిన్ అడుగు పళ్లెంలో చేరితే ఫ్లోట్ స్విచ్ పైకి లేచి మెషిన్‌ను ఆపేస్తుంది. ఆ పళ్లెం ఆరబెట్టి, లీకు ఎక్కడో కనిపెట్టాలి. స్విచ్‌ను తప్పించి నడిపించడం ఎప్పుడూ చేయకూడని పని.

ఏ చదువు, ఎక్కడ?

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఏసీ-ఫ్రిజ్ మెకానిక్ ట్రేడ్‌లు ఈ పనికి గట్టి పునాది. ఒక్కోటి రెండేళ్ల కోర్సు. పాలిసెట్ రాసి మూడేళ్ల ఎలక్ట్రికల్ లేదా ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేస్తే సర్వీస్ సెంటర్లలో సూపర్‌వైజర్ స్థాయికి దారి దొరుకుతుంది. గృహోపకరణాల ఫీల్డ్ టెక్నీషియన్ కోసం ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ రూపొందించిన స్వల్పకాలిక కోర్సు కూడా ఉంది. చదువు పూర్తవగానే సొంతంగా మొదలుపెట్టవద్దు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, ఏదైనా సర్వీస్ సెంటర్‌లో స్టైపెండ్‌పై కనీసం ఒక ఏడాది పనిచేయండి. పది రకాల మెషిన్లు విప్పిన చెయ్యి పుస్తకంలో దొరకదు.

తర్వాత రెండు దారులున్నాయి. కంపెనీ సర్వీస్ ఇంజినీర్‌గా చేరితే జీతం, శిక్షణ, స్పేర్ పార్టులు అందుతాయి. సొంతంగా పెట్టుకుంటే ముద్ర రుణాల్లో శిశు విభాగం కింద హామీ లేకుండా రూ.50,000 వరకు అడగవచ్చు. మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు, టెస్టర్, టార్చిలైటు, నీటి కాఠిన్యం చూసే స్ట్రిప్పులు ఉంటే పని మొదలవుతుంది. 2022 డిసెంబర్‌లో కేంద్రం ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కంపెనీల సర్వీసు, వారంటీ, స్పేర్ పార్టుల సమాచారం ఒకచోట దొరుకుతుంది. చూడటం అలవాటు చేసుకోండి.

ప్రాణం ముందు

నీరూ కరెంటూ కలిసి ఉండే యంత్రం ఇది. మెషిన్ బటన్ ఆపితే సరిపోదు. ప్లగ్ తీసి, కుళాయి కట్టేశాకే ప్యానెల్ విప్పాలి. ఆ ఇంట్లో అర్థింగ్ ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. లేకపోతే ఇంటివారికి స్పష్టంగా చెప్పాలి.

నమ్మకమే పెట్టుబడి

ఈ వృత్తిని ముందుగా పాడుచేసేది కొలవకుండా చెప్పే ‘బోర్డు మార్చాలి’ అన్న మాట. పరీక్షించి, కారణం చూపించి, తీసిన పాత పార్టు ఇంటివారి చేతికిచ్చే మెకానిక్‌ను ఆ అపార్ట్‌మెంట్ అంతా పిలుస్తుంది. వంటింట్లోకి వచ్చి చేసే పని కాబట్టి మహిళా టెక్నీషియన్లను కోరుకునే కుటుంబాలూ ఉన్నాయి. అమ్మాయిలు వెనకాడాల్సిన పని లేదు. గిన్నెలు తోమే యంత్రానికి 1886లో అమెరికాలో పేటెంట్ పొంది, దాన్ని అమ్మి వ్యాపారంగా నిలబెట్టిన జోసెఫీన్ కాక్రేన్ కూడా మహిళే.

ఈ పని మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి ఈ వారమే ఒక మల్టీమీటర్ కొనండి. ఇంట్లో ఇస్త్రీపెట్టె ప్లగ్ తీసి, చల్లారాక, డయల్‌ను వేడి వైపు తిప్పండి. ప్లగ్‌లోని రెండు చిన్న పిన్నుల మధ్య ఓములు కొలవండి. దానిమీద 1000 వాట్లని రాసి ఉంటే మీటర్ దాదాపు 53 చూపించాలి. ఆ అంకె ఎందుకొచ్చిందో మీరే లెక్కవేసి తేల్చగలిగితే, మొదటి పాఠం నేర్చుకున్నట్టే.