పీహెచ్‌డీకి ప్రశ్న మీ బళ్లోనే ఉంది

ఎంఈడీ పూర్తిచేసి ఏళ్లు గడిచాయి. భిలాయ్‌లో ఏదో ఒక సెక్టారు స్కూల్లో ఉద్యోగం. పొద్దున్నే పిల్లల టిఫిన్ డబ్బాలు, మధ్యాహ్నం దాకా క్లాసులు, సాయంత్రం కాపీలు దిద్దడం. ఇంటాయన షిఫ్టు మారినప్పుడల్లా వంట వేళలూ మారతాయి. వీటన్నిటి నడుమ ‘ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేయాలి’ అన్న కోరిక మాత్రం ఎక్కడిది అక్కడే ఉండిపోయింది.

మీ కథ ఇదేనా? అయితే ఇకనైనా కదలండి. చాలామంది బయల్దేరకముందే ఆగిపోవడానికి కారణం ఒక్కటే: పరిశోధనాంశం ఎక్కడో పెద్ద నగరంలో, పెద్ద పుస్తకంలో దొరుకుతుందని ఎదురుచూడటం. విద్యాశాస్త్రంలో మంచి ప్రశ్నలు బళ్లోనే పుడతాయి. రోజూ బళ్లో ఉండే మీకంటే వాటికి దగ్గరగా ఉన్నవారెవరు?

ప్రశ్నను చిన్నది చేయండి

‘భిలాయ్‌లో ప్రాథమిక విద్య: సమస్యలు, పరిష్కారాలు’ అనే శీర్షికతో గైడ్ దగ్గరికి వెళ్లకండి. ఆరేళ్లు తిరిగినా దానికి అంతు దొరకదు. ఒక తరగతి, ఒక పాఠం, ఒక తడబాటు. అక్కడ మొదలుపెట్టండి.

ఉదాహరణకు మూడో తరగతి తీసుకోండి. టీచరు హిందీలో సంఖ్యలు చెబుతున్నారు, పిల్లలు అంకెల్లో రాస్తున్నారు. ‘ఉన్‌తీస్’ అన్నారు. తెలుగింటి పాప ఒకతె 39 అని రాసింది. రాయాల్సింది 29. శ్రద్ధ లేదని ఎర్ర ఇంకుతో కొట్టేసి ముందుకు వెళ్లిపోవచ్చు. కానీ ఒక్క నిమిషం ఆగి ఆ పాప ఎలా ఆలోచించిందో చూడండి. తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ముందు ఇరవై, ఆ తర్వాత తొమ్మిది. పలికే వరుసలోనే రాస్తాం. హిందీ అలా కాదు. 29, 39, 49, 59 లాంటి సంఖ్యలకు పేరు తర్వాత వచ్చే పదిని బట్టి ఉంటుంది, దానికి ఒకటి తక్కువ అన్న అర్థంలో. పాప చెవికి ‘తీస్’ వినబడింది. తీస్ అంటే ముప్ఫై అని తెలుసు. చివర తొమ్మిది ఉండాలనీ తెలుసు. రెండూ కలిపి 39 వేసింది. అంటే ఆ తప్పు వెనక ఒక ఆలోచన ఉంది. ఇంతా నేర్చుకుని 89 దగ్గరికి వస్తే హిందీ దారి మార్చి ‘నవాసీ’ అంటుంది. మళ్లీ తికమక.

ఇప్పుడు ప్రశ్న వేయండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు హిందీ సంఖ్యల్లో ఎక్కడెక్కడ తడబడుతున్నారు? ఛత్తీస్‌గఢీ, హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలూ అక్కడే తడబడుతున్నారా? ఏ తరగతికి వచ్చేసరికి సర్దుకుంటున్నారు? సంఖ్యల నిర్మాణాన్ని ముందే విడమరచి చెబితే తప్పులు తగ్గుతాయా? ఈ నాలుగింటిలో ఒక సినాప్సిస్‌కు సరిపడా సరుకుంది. చైనీస్, ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు లెక్కపెట్టడం ఎలా నేర్చుకుంటారో పోల్చి చూసే పరిశోధనలు 1980ల నుంచీ ఉన్నాయి. చైనీస్‌లో పదకొండును ‘పది ఒకటి’ అన్నట్టే పలుకుతారు. ఆ తేడా చిన్నపిల్లల లెక్కల మీద ఏం ప్రభావం చూపుతుందో పండితులు కూలంకషంగా చర్చించారు. మీ మూడో తరగతి పాప రాసిన 39 అదే చర్చలోకి భిలాయ్ నుంచి వెళ్లే కొత్త సాక్ష్యం.

మీ ఊరు పరిశోధనకు చాలినంత పెద్దది

భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య 1955లో భిలాయ్ స్టీల్ ప్లాంట్ నిర్మాణానికి ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలూ వాటిలో ఎన్నో. ఒకే క్లాసులో తెలుగు, ఛత్తీస్‌గఢీ, మలయాళం, బెంగాలీ, పంజాబీ ఇళ్ల పిల్లలు పక్కపక్కన కూర్చునే ఊరు ఇది. భాష, చదువుల గురించి ఆలోచించేవారికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది?

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1993లో భిలాయ్‌లో క్షేత్ర పరిశోధన మొదలుపెట్టారు. ఇక్కడి కార్మికుల పని, బతుకు మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ 2020లో వెలువడింది. ఎక్కడో లండన్ నుంచి వచ్చిన మనిషి ఇన్నేళ్లు వెచ్చించదగ్గ ఊరు, ఇక్కడే పుట్టి పెరిగిన మీకు చాలదా?

చుట్టూ చూడండి. ఉద్యోగుల సంఖ్య తగ్గే కొద్దీ స్టీల్ ప్లాంట్ నడిపే స్కూళ్లు మూతపడుతూ, విలీనమవుతూ వచ్చాయి. అలా బడి మారిన పిల్లల చదువు ఏమైంది? ఐఐటీ కోచింగ్‌కు పేరున్న ఊళ్లో మామూలు స్కూలు క్లాసు మీద ఆ కోచింగ్ ప్రభావం ఎంత? పర్మనెంట్ ఉద్యోగి పిల్లల చదువుకూ, ఠేకా కార్మికుడి పిల్లల చదువుకూ తేడా ఏ తరగతిలో మొదలవుతోంది? పక్కనే ఉన్న గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్ బాయి పాండవుల కథలను పాడి చెప్పే పండవానీని ప్రపంచానికి వినిపించారు. అలా కథ చెప్పే పద్ధతి భాషా బోధనకు ఎంతవరకు పనికొస్తుంది? భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన అందించే ప్రయత్నం జరగాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. భిలాయ్ తెలుగు పిల్లల విషయంలో అది ఎంతవరకు నెరవేరింది? ఒక్కొక్కటీ ఒక థీసిస్.

ఒక బడిపంతులు చూపిన దారి

మన గిడుగు వెంకట రామమూర్తి గారినే చూడండి. పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లోని సవరలకు వాళ్ల భాషలో చదువు చెప్పేవారు లేరని గుర్తించారు. ముందు తాను ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు తయారుచేశారు, వాళ్ల కోసం బడులు పెట్టించారు. దశాబ్దాల శ్రమ తర్వాత ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ 1938లోనే కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

ఆయనకు ఫెలోషిప్ లేదు, కంప్యూటర్ లేదు. ఉన్నదల్లా ‘ఈ పిల్లలకు చదువెందుకు అందడం లేదు’ అన్న ప్రశ్న, దాన్ని వదలని పట్టుదల. ఆ రెండూ మీకూ సాధ్యమే.

నిబంధనలు నోటికి రావాలి

కోరిక ఉంటే సరిపోదు, దారి తెలియాలి. యూజీసీ 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు ఒకసారి శ్రద్ధగా చదవండి. ముఖ్యమైనవి ఇవి.

అర్హత: పీజీలో 55 శాతం మార్కులు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు.

ప్రవేశం: నెట్ స్కోరు ద్వారా, లేదా వర్సిటీ సొంత ప్రవేశ పరీక్ష ద్వారా. 2024 జూన్ నుంచి పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత పొందే విభాగం కూడా నెట్‌లో ఉంది. ఈ దారిలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఏడాది పాటే చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. వయోపరిమితి ఉన్నది జేఆర్‌ఎఫ్‌కే. పీహెచ్‌డీ అర్హతకు రాసే నెట్‌కు లేదు. కాబట్టి ‘వయసు దాటిపోయింది’ అన్న మాట ఈ రోజుతో మానేయండి.

గడువు: కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు, ప్రసూతి లేదా శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు ఉన్నాయి.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేయవచ్చు. యాజమాన్యం నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ తప్పదు. ప్రతి సెమిస్టర్‌లో సలహా కమిటీ ముందు మీ పని వివరించాలి.

రాయ్‌పూర్‌లో 1964లో ఏర్పడిన పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం, దుర్గ్‌లో హేమ్‌చంద్ యాదవ్ విశ్వవిద్యాలయం మీకు దగ్గర్లోనే ఉన్నాయి. ఏటా వచ్చే ప్రకటనలో ఎడ్యుకేషన్ సీట్లు ఎన్ని, ఏ గైడ్ దగ్గర ఖాళీ ఉంది, ఏ రీసెర్చ్ సెంటర్ మీకు అనువు అన్నవి స్వయంగా చూసుకోండి. ఎవరో చెప్పారని ఆగిపోవద్దు.

గైడ్‌ను ఎంచుకునే ముందు

పేరు చూసి వెళ్లకండి, పని చూసి వెళ్లండి. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో దేశవ్యాప్తంగా సమర్పించిన థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీరు అనుకుంటున్న గైడ్ కింద వచ్చిన రెండు మూడు తీసి చదవండి. ప్రశ్న స్పష్టంగా ఉందా? డేటా నిజంగా సేకరించినట్టుందా? ఆయన దగ్గర పనిచేసిన స్కాలర్లను కలవండి. ‘రాసినది ఎన్నాళ్లకు చదివి ఇస్తారు?’ అని అడగండి. మిగతా ప్రశ్నలన్నిటికంటే ఇదే ముఖ్యం. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు దాకా స్కాలర్లు ఉండవచ్చు. వాళ్లందరి మధ్య మీకు దక్కే సమయం ఎంతో ముందే తెలుసుకోవడం మీ హక్కు.

రోజూ కొంచెం, తప్పకుండా

ఫర్నేస్ సంగతి భిలాయ్ వాళ్లకు ఒకరు చెప్పాలా? వెలిగించాక పండగ లేదు, ఆదివారం లేదు. చల్లారనిస్తే మళ్లీ దారికి తేవడం మహా కష్టం. థీసిస్ కూడా అంతే. వేసవి సెలవుల్లో ఒకేసారి చేద్దామనుకున్నవాళ్లు సగం సెలవులు ‘ఎక్కడ ఆపాను’ అని వెతుక్కోవడానికే పోగొట్టుకుంటారు. రోజూ గంట చాలు. ఇంటాయనకు నైట్ షిఫ్ట్ ఉన్న వారం రాత్రి, ఫస్ట్ షిఫ్ట్ ఉన్న వారం తెల్లవారుజామున. వేళ మారినా ఫర్వాలేదు, రోజు తప్పకూడదు.

ఆ గంటలో ఏం చేయాలో ముందురోజే రాసిపెట్టుకోండి. ఒక వ్యాసం చదివితే మూడు వాక్యాల్లో సారాంశం రాయండి: ఏం అడిగారు, ఎలా వెతికారు, ఏం తేలింది. చదివిన రోజే గ్రంథ వివరాలు ఎక్కించండి. చివర్లో నెలల కొద్దీ పట్టే పని అక్కడే తీరిపోతుంది.

ప్రతి వారం నోట్సుకు నకళ్లు తీయండి. ప్రసిద్ధ సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో కాలిపోయాయి. ఆయన కుంగిపోకుండా జ్ఞాపకాల ఆధారంగా ‘ది రిమెంబర్డ్ విలేజ్’ రాశారు, అది 1976లో వచ్చింది. ఆ ధైర్యం మనకు ఆదర్శం. అలాగని అంతటి పరీక్ష మీరు కొనితెచ్చుకోవద్దు. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో ఉంచండి.

అడ్డదారి తొక్కకండి

‘మీరు డబ్బు కట్టండి, థీసిస్ మేం చూసుకుంటాం’ అనేవాళ్లు ఎదురవుతారు. వాళ్ల గుమ్మం తొక్కకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే చర్య మొదలవుతుంది, 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆన్‌లైన్, దూరవిద్య పీహెచ్‌డీలకు గుర్తింపు లేదు.

శిక్ష సంగతి పక్కన పెట్టినా, ఇది పిల్లల మీద చేసే పరిశోధన. సర్వే ఫారాలు ఇంట్లో కూర్చుని మీరే నింపేస్తే ఆ అబద్ధం ఆధారంగా రేపు ఎవరో పాఠం మారుస్తారు. నష్టపోయేది పిల్లలు. బడికి వెళ్లండి, తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, పిల్లల పేర్లు ఎక్కడా బయటపెట్టకండి. మీరు అనుకున్నది తేలకపోతే తేలలేదనే రాయండి. నిజాయితీగా రాసిన ‘తేలలేదు’ కూడా పరిశోధన ఫలితమే.

ఇంటిని మీ వైపు తిప్పుకోండి

‘పిల్లల చదువులు చూసుకోక ఇప్పుడు నీకెందుకమ్మా ఈ చదువు?’ అని అత్తగారు అనవచ్చు. వాదించకండి. కూర్చోబెట్టి మీ ప్రశ్న ఏమిటో చెప్పండి. ‘మన పాప 29కి బదులు 39 ఎందుకు రాస్తోందో కనుక్కుంటున్నా అత్తయ్యా’ అంటే ఏ పెద్దావిడకైనా అర్థమవుతుంది. భర్తతో వారానికి ఏ పని ఎవరిదో స్పష్టంగా మాట్లాడుకోండి. ‘నాకు సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘ఆదివారం పొద్దున 6 నుంచి 9 దాకా పిల్లలు మీ బాధ్యత’ అంటే పని జరుగుతుంది.

తోడు కూడా వెతుక్కోండి. మీ ఊళ్లోనే రిజిస్టర్ చేసుకున్న మరో ఇద్దరు టీచర్లతో కలిసి నెలకోసారి కూర్చుని, రాసినవి ఒకరివి ఒకరు చదవండి. మధ్యలో మానేయాలనిపించే రోజులు వస్తాయి. ఆ రోజుల్లో గైడ్ కంటే ముందు ఫోన్ చేసేది వీళ్లకే.

ఈ వారమే మొదలుపెట్టండి

ఒక నోట్‌బుక్ కొనండి. వారం పాటు క్లాసులో పిల్లలు చేసిన తప్పుల్లో మిమ్మల్ని ఆశ్చర్యపరిచినవి మాత్రమే రాయండి. పిల్లవాడు ఏం రాశాడు, ఎందుకలా రాశాడని అడిగితే ఏం చెప్పాడు. ఆదివారం వాటిని చదివి, మిమ్మల్ని వదలనిది ఒకటి ఎంచుకోండి. దానిమీద శోధ్‌గంగలో ఏమేం ఉన్నాయో వెతకండి. తర్వాతి వారం ఒక పేజీ రాసి, మీకు గైడ్‌గా ఉండగలవారి అపాయింట్‌మెంట్ అడగండి.

మనవాళ్లు ఈ ఊరికి కష్టం చేసుకు బతకడానికి వచ్చారు. తాము చదవకపోయినా పిల్లల్ని చదివించారు. ఇప్పుడు ఆ చదువు ఎలా సాగుతోందో, ఎక్కడ కుంటుపడుతోందో పరిశీలించి చెప్పాల్సిన వంతు మనది. మీ థీసిస్ పూర్తయ్యాక మరో పారిశ్రామిక పట్టణంలో మరో టీచర్ దాన్ని తెరిచి, తన క్లాసులో ఒక పాఠం చెప్పే తీరు మార్చుకుంటే మీ శ్రమ ఫలించినట్టే. పేరు ముందు ‘డాక్టర్’ ఎలాగూ వస్తుంది. మీరు నోట్‌బుక్ తెరవండి.