ఇంటివద్దనే చాక్లెట్ పల్లీ పట్టీ: పాకము నేర్పు పాఠము

చెరకు పండిన గడ్డ మనది. 1931లో మంజీరా నదిపై నిజాంసాగరు నిర్మాణము పూర్తియైన పిదప ఆ నీటి కాలువల వెంట చెరకు తోటలు విస్తరించినవి. 1937లో బోధను వద్ద నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టు ఏర్పడిన ఊరికి శక్కర్‌నగర్ అను పేరు వచ్చినది. ఒకనాడు ఆసియా ఖండములోని పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా అది ప్రసిద్ధి గాంచినది. 2015 డిసెంబరులో దాని యంత్రములు ఆగిపోయినవి. తిరిగి నడిపింపవలెనని రైతులును, కార్మికులును అనేక పర్యాయములు కోరిరి.

అట్టి ప్రాంతమున పెరిగిన విద్యార్థులమైన మేము చక్కెరను గూర్చి ఎంత ఎరుగుదుము? తీపి తినుట ఎరుగుదుము. మెరయు కాగితములో చుట్టిన చాక్లెట్‌ను అంగడిలో కొనుట ఎరుగుదుము. కాని పాకము ఎప్పుడు పొయ్యి మీద నుండి దింపవలెనో మాలో ఒక్కరికిని తెలియదు. ఈ సంగతి ఇటీవల మెండోరలో ఒక సహాధ్యాయి ఇంట మాకు తెలిసివచ్చినది. ఆనాడు మేము చెడగొట్టిన దానిని, పిదప నేర్చుకొన్న దానిని, దాని వెనుకనున్న శాస్త్రమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మాటల తీపి

ముందుగా ఒక భాషా విశేషము. సంస్కృతమున శర్కర అనగా ఇసుక రేణువు, చక్కెర అని రెండు అర్థములు కలవు. ఆ మాటయే తెలుగున చక్కెర అయినది. పారసీకమునకు పోయి ఉర్దూలో శకర్, శక్కర్ అయినది. అదేవిధముగా ఖండమనగా ముక్క. అది ఉర్దూలో ఖాండ్ అయినది. అరబ్బీలో ఖంద్ అయి, యూరపు చేరి క్యాండీ అయినది. మన కళాశాలలో రెండు భాషల తరగతులు వేరువేరు గదులలో జరుగుచున్నను, ఈ తీపి మాటల వేరు మాత్రము ఒక్కటే.

చేసిన పొరపాట్లు

మేము పల్లీలు, బెల్లము, కోకోపొడి తీసికొని చాక్లెట్ పల్లీ పట్టీ చేయబూనితిమి. దీనికి కాల్చు పెట్టె అక్కరలేదు. హైదరాబాదు ఇండ్లలో ప్రసిద్ధమైన బాదం కీ జాలీ వలె పెనములో గాని, భట్టీలో గాని కాల్చవలసిన పని లేదు. ఒక పొయ్యి, మందమైన అడుగు గల గిన్నె చాలును.

మొదటి పర్యాయము బెల్లము బాగుగా పొంగుచున్నది కదా అని తొందరపడి దింపితిమి. పట్టీ ఆరిన పిదప కూడ గట్టిపడక పండ్లకు అంటుకొనినది. రెండవ పర్యాయము భయపడి ఎక్కువసేపు కాచితిమి. పైగా ఉడుకుచున్న పాకములోనే కోకోపొడి చల్లితిమి. పొడి ఉండలు కట్టినది, అడుగంటినది, చేదెక్కినది. మా సహాధ్యాయి తల్లిగారు నవ్వి, పొరుగింటి అవ్వను పిలిపించిరి. ఆమె గిన్నె వైపు చూచి, "బిడ్డా, గడియారం జూస్తె పాకం రాదు. ఒక చుక్క నీళ్లల్ల ఏసి జూడు. టక్కున ఇరగాలె" అనెను. అవ్వ బడికి పోయినది కాదు. అయినను ఆమె చెప్పిన ఆ ఒక్క మాటలో మా రసాయన శాస్త్ర పుస్తకములోని ఒక అధ్యాయము ఇమిడియున్నది.

పాకము వెనుక శాస్త్రము

నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. నీటిలో చక్కెర కరగినప్పుడు ఆ ద్రవము మరుగుటకు అంతకంటె ఎక్కువ వేడి కావలెను. కాచినకొలది నీరు ఆవిరియై పోవును, చక్కెర పాలు పెరుగును, మరుగు ఉష్ణోగ్రతయు పెరుగును. అందుచేత పాకము ఎంత వేడిగా నున్నదో తెలిసినచో అందులో ఎంత నీరు మిగిలినదో తెలియును. పట్టీ మెత్తదనము గాని, పెళుసుదనము గాని ఆ మిగిలిన నీటిని బట్టి యుండును.

చక్కెర పాకము 112 నుండి 116 డిగ్రీల మధ్య నున్నప్పుడు ఒక చుక్క చన్నీటిలో వేసినచో మెత్తని ఉండ యగును. అప్పుడందులో నూటికి 85 పాళ్లు చక్కెర యుండును. 121 నుండి 130 డిగ్రీల వరకు గట్టి ఉండ కట్టును. చక్కెర 92 పాళ్లు. 146 నుండి 154 డిగ్రీల మధ్య చుక్క గాజు ముక్క వలె టక్కున విరుగును. చక్కెర 99 పాళ్లు. బెల్లములో ఇతర పదార్థములు కూడ ఉండుటచేత అది కొంచెము ముందుగానే మాడును; దాని విషయమున డిగ్రీల కంటె చన్నీటి పరీక్షయే నమ్మదగినది. మొదటి పర్యాయము మేము దింపినది ఉండ పాకము. అది లడ్డూలకు తగును గాని పట్టీకి తగదు.

కావలసిన వస్తువులు

పల్లీలు 250 గ్రాములు, బెల్లము 200 గ్రాములు, తీపి కలపని కోకోపొడి రెండు పెద్ద చెంచాలు, నెయ్యి మూడు చిన్న చెంచాలు, నీరు నాలుగు పెద్ద చెంచాలు, ఏలకులు రెండు, ఉప్పు చిటికెడు. కామారెడ్డి బెల్లపు మార్కెట్టు ఒకప్పుడు పేరొందినది. మన ప్రాంతపు చెరకు బెల్లము దొరికినచో అదియే వాడవచ్చును.

చేయు విధానము

పల్లీలను మొదట పళ్లెములో పోసి ఏరవలెను. పిదప సన్నని సెగపై కలుపుచు పది పన్నెండు నిమిషములు వేయింపవలెను. పొట్టు చిట్లి, గింజ లేత గోధుమ వన్నెకు రాగానే దింపి, చల్లారిన తరువాత నలిపి చేటతో చెరిగి పొట్టు తీయవలెను. ఒక స్టీలు పళ్లెము వెనుక భాగమునకును, అప్పడాల కర్రకును కొంచెము నెయ్యి రాసి సిద్ధముగా నుంచవలెను. రెండు చెంచాల నెయ్యి గోరువెచ్చగా చేసి అందులో కోకోపొడి, ఏలకుల పొడి, ఉప్పు కలిపి ముద్ద చేయవలెను. ఇట్లు నెయ్యితో ముందుగా కలిపినచో పొడి ఉండలు కట్టదు.

బెల్లము చితుకగొట్టి నీరు పోసి కరిగించి, వడగట్టి ఇసుకను, నలకలను తొలగింపవలెను. తిరిగి పొయ్యి మీద పెట్టి మధ్యమ సెగపై కాచుచు కలుపవలెను. నురుగు చిక్కబడగానే సెగ తగ్గించి, అరనిమిషమునకొక పర్యాయము ఒక చుక్కను చన్నీటి గిన్నెలో వేసి చూడవలెను. సాగినచో ఇంకను కాచవలెను. వంగక విరిగినచో వెంటనే పొయ్యి ఆర్పవలెను. అప్పుడు కోకో ముద్ద వేసి కలిపి, పల్లీలు పోసి తిరుగవేసి, పళ్లెముపై కుమ్మరించి కర్రతో అర సెంటీమీటరు మందమున పరచవలెను. వేడిగా నుండగనే, రెండు నిమిషములలోపు, కత్తితో గీట్లు పెట్టవలెను. చల్లారిన పిదప గీట్ల వెంట ముక్కలు విరుగును.

మూడవ పర్యాయము మేమిట్లే చేసితిమి. విరిచినప్పుడు వచ్చిన చప్పుడు విని అవ్వ తల ఊపినది. మాకు అంతకంటె పెద్ద మార్కులు అక్కరలేకపోయెను.

పాకమునకు భయపడువారు మరొక విధముగా చేయవచ్చును. వేయించిన పల్లీలు 200 గ్రాములు, తురిమిన బెల్లము 120 గ్రాములు, కోకోపొడి రెండు పెద్ద చెంచాలు రోటిలో దంచవలెను. మిక్సీలో నైనచో ఆపి ఆపి త్రిప్పవలెను. పల్లీల నూనె బయటకు రాగానే చేతితో ఉండలు చుట్టవచ్చును. దీనికి పల్లీలు వేయించుట తప్ప వేరు మంట అక్కరలేదు. చిన్న పిల్లలు కూడ చుట్టగలరు.

కోకోపొడియే ఎందుకు?

అంగడి చాక్లెట్ బిళ్ళను కరిగించి పల్లీలు కలిపిన సరిపోదా అని కొందరు అడుగవచ్చును. చాక్లెట్ గట్టిగా నుండుటకు కారణము అందులోని కోకో వెన్న. అది సుమారు 34 డిగ్రీల వద్ద కరగును. నోట వేసికొనగానే కరగుటకు కారణమదియే. కాని ఏప్రిల్, మే మాసములలో మన జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుట సాధారణము. అప్పుడా మిఠాయి డబ్బాలోనే కరగి ముద్దయగును. 1828లో హాలండు దేశీయుడైన వాన్ హౌటెన్ కోకో గింజల ముద్దను మరలో ఒత్తి కొవ్వును వేరుపరచు పద్ధతికి హక్కు పొందెను. అందుచేతనే మనకు కోకోపొడి లభించుచున్నది. ఇందులో కొవ్వు తక్కువ. పాకము పట్టీని గట్టిగా నిలుపును. రుచి మాత్రము చాక్లెట్‌దే. ఆ కోకో కూడ దూరదేశపు వస్తువే కానక్కరలేదు. పశ్చిమ గోదావరి ప్రాంతపు కొబ్బరి తోటలలో కోకో అంతరపంటగా పండుచున్నది.

చలికాలమున బిళ్ళను కరిగింపదలచినవారు వేడినీటి గిన్నెపై మరొక గిన్నె నుంచి కరిగింపవలెను. ఒక్క నీటి చుక్క పడినను చాక్లెట్ గరుకుగా గడ్డకట్టును.

జాగ్రత్తలు

మొదటిది, కాలిన గాయము. పాకము మరుగు నీటికంటె ఎంతో వేడియైనది, పైగా చర్మమునకు అంటుకొనును. పిల్లలను పొయ్యి దగ్గరకు రానీయరాదు. పాకము పడినచో వెంటనే ధారగా చల్లని నీరు పోయుచుండవలెను.

రెండవది, బూజు. బూజు పట్టిన, రంగు మారిన, ముడుతలు పడిన పల్లీలను వేయించి వాడుకొనవచ్చునని కొందరు తలతురు. అది ప్రమాదకరము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు బూజు పట్టిన పల్లీ పిండి తిని మరణించుటచేత అఫ్లాటాక్సిన్ అను విషము బయటపడినది. అది కాలేయమునకు హాని చేయును; వేయించుటచేత పూర్తిగా నశింపదు. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనిపై పరిశోధనలు చేసిరి. కనుక గింజలను ఏరుట అలంకారము కాదు, ఆరోగ్య రక్షణ.

మూడవది, తేమ. బెల్లము గాలిలోని తేమను పీల్చును. వానాకాలమున పట్టీ మెత్తబడకుండుటకు బిగి మూత గల డబ్బాలో, ముక్కల నడుమ కాగితము వేసి దాచవలెను.

నాలుగవది, మితము. పల్లీలలో నూటికి సుమారు 25 పాళ్లు మాంసకృత్తులు, దాదాపు 48 పాళ్లు కొవ్వు కలవు. ఇది బలమైన ఆహారమే, కాని బెల్లము కూడ చక్కెరయే. మధుమేహము గలవారు దీనిని ఔషధమని భ్రమపడరాదు. కొందరికి పల్లీలు సరిపడవు. ఇతరులకు పంచునప్పుడు ముందుగా అడుగుట మర్యాద.

మా మనవి

మూతపడిన కర్మాగారము వందలాది కుటుంబములకు ఇచ్చిన జీతమును ఒక ఇంటి పొయ్యి ఇయ్యలేదు. అట్లు చెప్పుట ఆ కుటుంబములను పరిహసించుటయే యగును. మా మాటలోని ఆశ అంత పెద్దది కాదు. చదువు ముగిసిన పిదప ఇంటివద్దనే యుండవలసి వచ్చు మా సోదరీమణులలో కొందరికైనను ఇది చిన్న ఆదాయ మార్గము కాగలదు. అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి నమోదు చేయించుకొనవలెను. పొట్లముపై వాడిన వస్తువులను, చేసిన తేదీని నిజాయితీగా వ్రాయవలెను.

కళాశాల సంఘము వారికి ఒక మనవి. వచ్చు వార్షికోత్సవమునాడు మాకొక బల్ల, ఒక పొయ్యి, ప్రయోగశాల నుండి 200 డిగ్రీల వరకు చూపు ఉష్ణమాపకము ఇప్పింపవలెనని కోరుచున్నాము. రసాయన శాస్త్ర అధ్యాపకుల సమక్షమున, ఉర్దూ తరగతుల వారును తెలుగు తరగతుల వారును కలిసి పాకపు దశలను డిగ్రీలతో సహా చూపుదుము. ఆనాడు ఉష్ణమాపకము ప్రక్కన ఒక గిన్నెలో చన్నీరు కూడ నుంచుదుము. మెండోర అవ్వను పిలుచుకొని వచ్చు బాధ్యత మాది. చుక్క టక్కున విరిగినప్పుడు పాదరసము ఎచ్చట నున్నదో అందరును చూడవచ్చును.